ఏబీఐ 1.2 వచ్చిందని రక్తం బాగా పారుతోందనుకోకండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్ వచ్చి 16 ఏళ్లు, కందుకూరు పక్కన పొగాకు సేద్యం, చుట్ట అలవాటు. నెల కిందట చెప్పు పట్టె ఒరుసుకుని కుడికాలి రెండో వేలికి పుండు పడింది, ఇప్పుడు ఆ వేలు సగం దాకా నల్లబడింది. కాలి బీపీని చేతి బీపీతో పోల్చే ఏబీఐ పరీక్షలో 1.2 వచ్చింది, నార్మల్ అన్నారు. రక్తం పారుదల చూసే డాప్లర్ స్కాన్ రిపోర్టులో మాత్రం మోకాలి కింద మోనోఫేసిక్ ఫ్లో అని, నాళాల గోడల్లో కాల్షియం అని ఉంది. కిడ్నీ పని చెప్పే క్రియాటినిన్ 1.7. ఒక డాక్టరు మోకాలి కింద తీసేద్దామన్నారు, ఇంకొకరు ముందు డై ఎక్కించి రక్తనాళాల బొమ్మ తీసే యాంజియోగ్రామ్ చేద్దామన్నారు. డై ఎక్కిస్తే కిడ్నీలు పోయి డయాలసిస్ పాలవుతారని బంధువులు భయపెడుతున్నారు, మూసుకుపోయిన నాళాన్ని బెలూన్‌తో తెరిచినా ఆరు నెలల్లో మళ్లీ మూసుకుపోతుంది, డబ్బు దండగ అని ఇంకెవరో అన్నారు. ఏది నమ్మాలో తెలియట్లేదని అడిగారు.

జవాబు ముందు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పాదం దాకా రక్తనాళాలు ఎలా ఉన్నాయో బొమ్మ తీసి చూడకుండా మోకాలి కింద కోతకి సంతకం పెట్టకండి. దీనికి ఒక్కటే మినహాయింపు. పాదం వాచి, ఎరుపు పైకి పాకుతూ, చీము, కంపు, చలిజ్వరం ఉంటే బొమ్మల కోసం ఆగకూడదు, ఆ రోజే చేర్చి చీము తీయించాలి, రక్తనాళాల సంగతి ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో చూసుకోవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి వేలు ఎండు ఖర్జూరంలా ముడుచుకుని నల్లగా ఉంది, జ్వరం లేదు. కాబట్టి టైమ్ ఉంది, కాకపోతే ఆ టైమ్‌ని రోజుల్లో లెక్కపెట్టుకోవాలి, నెలల్లో కాదు.

నేను నెల్లూరులో ఇరవై ఏళ్లకు పైగా కాళ్ల రక్తనాళాల బొమ్మలు తీస్తూ, బెలూన్లు వేస్తూ ఉన్న రేడియాలజిస్టుని. మీ నాన్నగారి పాదం నేను చూడలేదు, కాబట్టి కింద రాసేదంతా మీ డాక్టర్‌తో మాట్లాడటానికి పనికొచ్చే సరుకు అనుకోండి.

ముందు ఆ 1.2 సంగతి. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె ఏబీఐ. మామూలుగా 1 నుంచి 1.4 దాకా ఉంటే బాగున్నట్టు, 0.9 కంటే తగ్గితే కాలికి రక్తం తగ్గినట్టు, 0.4 కంటే కిందికి పోతే కాలు పోయే ప్రమాదం ఉన్నట్టు. ఈ లెక్క కుదరాలంటే పట్టీ బిగించినప్పుడు రక్తనాళం నొక్కుకుపోవాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకి, అందులోనూ కిడ్నీ కాస్త తగ్గినవాళ్లకి, మోకాలి కింద నాళాల మధ్య పొరలో సున్నం పేరుకుపోతుంది. రబ్బరు గొట్టం కాస్తా పీవీసీ పైపు అయిపోతుంది. పైపుకి పట్టీ ఎంత బిగించినా నొక్కుకోదు గదా, దాంతో లోపల పారేది సన్నటి ధారే అయినా మిషన్ ఎక్కువ బీపీ చూపిస్తుంది. అంకె 1.4 దాటిందంటే మాకు వెంటనే అనుమానం వస్తుంది. అసలు చిక్కంతా 1.0, 1.1, 1.2 దగ్గరే, ఎందుకంటే నిజానికి 0.5 రావాల్సింది సున్నం వల్ల పెరిగి సరిగ్గా వచ్చి నార్మల్ గడిలో కూర్చుంటుంది.

ఈ తప్పు నేనూ చేశాను. పదిహేనేళ్ల కిందట కావలి వైపు నుంచి రొయ్యల చెరువు కాపలా ఆయన ఒకరు వచ్చారు, బొటనవేలి పక్కన పుండు, ఏబీఐ 1.1. అప్పట్లో రోజుకి ముప్పై రిపోర్టులు రాసేవాణ్ని. 'గణనీయమైన అడ్డంకి లేదు' అని ఒక ముక్క రాసి పడేశాను. ఆ కాగితం చూసి వేలు తీశారు, ఆ కోత మానలా, పాదం ముందు భాగం తీశారు, అదీ మానలా. రెండు నెలల తర్వాత మళ్లీ నా దగ్గరికే వచ్చారు, ఈసారి మోకాలి కింద తీయడానికి ముందు. నేను తీసిన ఎక్స్‌రే కాదు, ఆయన సంచీలో మొదటి రోజు నుంచీ ఉన్న మామూలు పాదం ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూస్తే, మొదటి రెండు వేళ్ల ఎముకల మధ్య రైలు పట్టాల్లా రెండు సన్నటి తెల్ల గీతలు. సున్నం పట్టిన రక్తనాళం అది. ఆ ఎక్స్‌రే ఎవరమూ ఎముక కోసం తప్ప నాళం కోసం చూడలేదు. మీ దగ్గర పాదం ఎక్స్‌రే ఉంటే ఒకసారి కిటికీకి పెట్టి చూడండి. ఆ గీతలు కనిపిస్తే మీ 1.2ని పక్కన పడేయొచ్చు.

మరి దేన్ని నమ్మాలి? వేలి దగ్గర బీపీని. వేళ్ల నాళాలకి సున్నం తక్కువ పడుతుంది, బొటనవేలికి చిన్న పట్టీ చుట్టి కొలుస్తారు. 30 మిల్లీమీటర్ల కంటే తక్కువ వస్తే ఆ పుండు దానంతట అది మానే ఆశ దాదాపు లేదు, వెంటనే నాళాలు చూడాలి. 60 పైన ఉంటే కాస్త నిదానంగా ఆలోచించొచ్చు. ఈ పరికరం ప్రతి ఊళ్లో ఉండదు, అడిగి చూడండి, లేకపోతే దాని కోసం తిరిగి రోజులు పోగొట్టుకోకండి, మీకున్న డాప్లర్ రిపోర్టు చాలు తర్వాతి మెట్టుకి. ఇంకో మాట, కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ కాలివేలికి తగిలించి 96 వచ్చింది, ఆక్సిజన్ బాగుంది అని ధైర్యపడేవాళ్లని చూస్తున్నాను. అది వచ్చిన రక్తంలో ఆక్సిజన్ శాతం చెప్తుందే గానీ ఎంత రక్తం వచ్చిందో చెప్పదు. బిందెలో నీళ్లు తియ్యగా ఉన్నాయా అనేది వేరు, బిందె నిండిందా అనేది వేరు.

డాప్లర్‌లో మోనోఫేసిక్ అంటే ఏమిటో చెప్తాను, ఎందుకంటే మీ రిపోర్టు మొత్తంలో పనికొచ్చే పదం అదొక్కటే. మంచి రక్తనాళం మీద ప్రోబ్ పెడితే చప్పుడు తెగి తెగి వస్తుంది, గుండె కొట్టినప్పుడు గట్టిగా ముందుకి ఒకటి, వెంటనే వెనక్కి చిన్నది, మళ్లీ ముందుకి ఇంకా చిన్నది. మూడు దెబ్బలు, అందుకే ట్రైఫేసిక్ అంటాం. పైన ఎక్కడో అడ్డు పడితే ఈ దెబ్బలు చెరిగిపోయి ఒకటే మెత్తటి హోరు వినిపిస్తుంది, తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు. అది మోనోఫేసిక్. చెవి అలవాటు పడ్డవాళ్లకి తెర కూడా చూడక్కర్లేదు. డాప్లర్‌కి డై వద్దు, రేడియేషన్ లేదు, ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. దాని లోపమల్లా చేసేవాడి చేతిని బట్టి ఉండటం, సున్నం గడ్డలు అడ్డొచ్చినచోట నీడ పడి లోపల కనిపించకపోవడం. తొడ నుంచి మోకాలి దాకా చూసి ఆపేసిన డాప్లర్ షుగర్ మనిషికి సగం డాప్లరే. చీలమండ వెనక, పాదం పైన, పిక్క లోపలి నాళం, మూడూ విడివిడిగా రాశారా లేదా చూడండి.

ఎందుకంటే షుగర్ జబ్బు దెబ్బ కొట్టేది ఎక్కువగా మోకాలి కిందే. చుట్టలు, సిగరెట్లు తాగేవాళ్లకి పొట్ట కిందా తొడలోనూ పెద్ద కాలువలు మూసుకుపోతాయి, షుగర్ వాళ్లకి కింది మూడు పిల్ల కాలువలు. మీ నాన్నగారికి చుట్టా షుగరూ రెండూ ఉన్నాయి కాబట్టి రెండు చోట్లా ఉండొచ్చు. మీ వైపు వాళ్లకి నేను చెప్పేది ఒకటే, రాళ్లపాడు రిజర్వాయరు నిండిందని చివరి మడి తడవదు గదా, మధ్యలో కాలువ పూడిపోతే. తొడ దగ్గర నాడి చక్కగా కొట్టుకుంటూ ఉంటుంది, డాక్టరు చెయ్యి పెట్టి బాగుందంటారు, వేలేమో ఎండిపోతూ ఉంటుంది. ఇందులో ఒక అదృష్టం కూడా ఉంది, చాలామందికి పిక్కలో నాళాలు మూసుకుపోయినా పాదం పైన నాళం తెరిచే ఉంటుంది, అక్కడిదాకా నీళ్లు తోడగలిగితే చాలు. ఆ నాళం ఉందో లేదో చూడకుండా కాలు తీసేద్దామనడం మీదే నా కోపమంతా.

మీ నాన్నగారికి నొప్పి లేదు కాబట్టి పెద్దగా ఏమీ లేదనుకున్నాం అని రాశారు. ప్రతివాళ్లూ అదే అంటారు, 'నొప్పేం లేదు సార్, అందుకే రాలా' అని. షుగర్ నరాలని చంపేస్తుంది, కాబట్టి నడిస్తే పిక్క పట్టేయడం, రాత్రుళ్లు పాదం మంట లాంటి గుర్తులు కనిపించకుండానే నేరుగా నల్లవేలు కనిపిస్తుంది. మనవాళ్లు వైద్యానికి వెళ్లే వెల్లూరు సీఎంసీలోనే 1946లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ చేరి కుష్ఠు రోగుల వేళ్లు ఎందుకు పోతున్నాయో వెతికి పట్టుకున్నాడు, వేళ్లు వాటంతట అవి రాలిపోవట్లేదు, స్పర్శ లేక తగిలిన దెబ్బ తెలియక పోతున్నాయని. ఇప్పుడు మన మందుల షాపుల్లో దొరికే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు ఆ కుష్ఠు రోగుల కోసం మొదలైనవే. ఎండాకాలం శనివారాలు మాలకొండ గుడికి చెప్పుల్లేకుండా వెళ్లి, బండ మీద అరికాళ్లు బొబ్బలెక్కినా తెలియక, సోమవారం సాక్సు తీస్తే తోలు ఊడొచ్చిన వాళ్లని ఏటా చూస్తాను. ఇంట్లో మీరు చేయకూడనివి కూడా ఇక్కడే చెప్పేస్తా. వేడి నీళ్ల కాపడం వద్దు, ఆనెలు బ్లేడుతో కోయడం వద్దు, నల్లబడ్డ వేలిని నానబెట్టడం అసలే వద్దు. ఎండినదాన్ని పొడిగా ఉంచండి, తడిస్తే కుళ్లుతుంది.

ఇప్పుడు బొమ్మల సంగతి. సీటీ యాంజియో తొందరగా అయిపోతుంది, పొట్ట నుంచి మోకాలి దాకా అద్భుతంగా చూపిస్తుంది, అన్ని పెద్ద ఊళ్లలోనూ ఉంది. కానీ మోకాలి కింద 2, 3 మిల్లీమీటర్ల నాళం, దాని గోడ నిండా సున్నం, ఆ సున్నం సీటీలో తెల్లగా ఉబ్బి కనిపించి లోపలి దారిని కప్పేస్తుంది. తెరిచి ఉన్న నాళాన్ని కూడా పూర్తిగా మూసుకుపోయిందని రాసేస్తాం. పైగా దానికి డై సుమారు 100 మిల్లీలీటర్లు రక్తనాళంలోకి ఎక్కించాలి. ఎమ్మారై యాంజియోలో సున్నం ఇబ్బంది పెట్టదు, అది దాని గొప్ప, కానీ పాత స్టెంట్ ఉన్నచోట ఖాళీగా చూపిస్తుంది, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి బొమ్మ కోసం ఎక్కించే గాడోలినియం మందు ఏ రకందో చూసి ఇవ్వాలి, పేస్‌మేకర్ ఉంటే దానికి అది సరిపోతుందో లేదో ముందు తేల్చుకోవాలి. మీ నాన్నగారికి పనికొచ్చేది, నన్నడిగితే, నేరుగా కాథ్‌ల్యాబ్‌లో, అంటే నాళంలోకి సన్నటి గొట్టం పంపి చూసే గదిలో, చేసే యాంజియోగ్రామ్, డీఎస్ఏ అంటాం. ఎముకలని కంప్యూటర్ తీసేసి ఉత్త రక్తనాళాలే చూపిస్తుంది, వేళ్ల దాకా. అడ్డు కనిపిస్తే అదే బల్ల మీద, అదే సూది దారిలో, బెలూన్ కూడా వేసేయొచ్చు. చూడటానికి ఒకసారి, చేయడానికి ఇంకోసారి అని రెండుసార్లు డై ఎక్కించే బాధ తప్పుతుంది. తొడలో నాడి మంచిగా కొట్టుకుంటూ డాప్లర్‌లో పై నాళాలు బాగుంటే సీటీ లేకుండానే ఇక్కడికి రావొచ్చు. తొడలో నాడే అందకపోతే మాత్రం ముందు సీటీ కావాలి, అది వేరే దారి.

కిడ్నీ భయం గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే ఈ భయంతోనే ఎక్కువ కాళ్లు పోతున్నాయి. 63 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.7 అంటే కిడ్నీ పని సుమారు 45 అనే అంకె దగ్గర ఉంటుంది, ఈజీఎఫ్ఆర్ అంటారు. డై వల్ల గట్టిగా భయపడాల్సింది ఇది 30 కంటే కింద ఉన్నప్పుడు. అప్పుడు కూడా వద్దనం, జాగ్రత్తగా చేస్తాం. తొడ దగ్గర సూది వేసి కాలి వైపే డై వదిలితే అది నేరుగా కిడ్నీకి పోదు, కాలంతా తిరిగి, గుండెకి వెళ్లి, ఒళ్లంతా పల్చబడి అప్పుడు చేరుతుంది. మేము దాన్ని సెలైన్‌తో సగానికి సగం పల్చన చేసి, ఒక్కో బొమ్మకి కొద్దికొద్దిగా వాడతాం. తొడ నాళాల వరకైతే డై బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువుతో కూడా బొమ్మ తీయొచ్చు, మోకాలి కింద మాత్రం అది అంత స్పష్టంగా రాదు. ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు, గుండె బలహీనంగా ఉంటే ఆ సెలైన్ కూడా కొలిచి ఇవ్వాలి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చాలాచోట్ల 48 గంటలు ఆపి క్రియాటినిన్ మళ్లీ చూసి మొదలుపెడతారు, మీ అంతట మీరు ఆపకండి, చేసే డాక్టర్‌కి ముందే చెప్పండి. ఇక డై గురించి ఇంత భయపడే ఇంట్లోనే కాలి నొప్పికి ఆర్ఎంపీ దగ్గర రోజు విడిచి రోజు డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటూ ఉంటారు. కిడ్నీ మీద అంత ప్రేమ ఉంటే ముందు ఆ సూది ఆపాలి.

మందులతో కరిగించలేరా అని మీ అక్క అడిగిందన్నారు. ఉన్నట్టుండి కాలు చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పి వస్తే అది కొత్తగా పడిన రక్తపు గడ్డ, దాన్ని కరిగించొచ్చు, తీసేయొచ్చు, గంటల్లో చేయాలి. మీ నాన్నగారిది ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వూ సున్నమూ, ఏ సెలైన్ సీసాకీ కరగదు. రోజుకొకటి చొప్పున ఎక్కించే ఖరీదైన ఇంజెక్షన్లు కొన్ని ఉన్నాయి, వాటితో చివరి నాళాలు కాస్త విచ్చుకోవచ్చేమో గానీ మూసుకుపోయిన కాలువ తెరుచుకోదు.

బెలూన్ అంటే ఎలా ఉంటుందో చెప్తా, భయం పోతుంది. మత్తు ఇవ్వరు, గజ్జ దగ్గర తిమ్మిరి మందు ఒక్కటే. తొడ నాళంలో సూది, దాంట్లోంచి తల వెంట్రుకలా సన్నటి తీగ. మూసుకుపోయినచోట ఆ తీగ కొనని తిప్పుతూ, తోస్తూ, వెనక్కి లాగుతూ దారి వెతుకుతాం. ఒక్కోసారి పావుగంటలో దాటుతుంది, ఒక్కోసారి రెండు గంటలు. పైనుంచి దాటకపోతే పాదం పైన నాళంలోనే చిన్న సూది వేసి కిందనుంచి ఇంకో తీగ పంపుతాం, రెండూ మధ్యలో కలుస్తాయి, కొండకి ఇటునుంచీ అటునుంచీ సొరంగం తవ్వినట్టు. తర్వాత రెండున్నర, మూడు మిల్లీమీటర్ల లావు, జానెడు పొడవు ఉన్న బెలూన్ పెట్టి నిమిషాల పాటు ఉబ్బించి ఉంచుతాం. అప్పుడు కాస్త నొప్పి వస్తుంది, చెప్తే మందు ఇస్తారు. మొన్నామధ్య చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే ఒకాయనకి చివరి బొమ్మ తీస్తే అప్పటిదాకా ఖాళీగా ఉన్న పాదంలో వేళ్ల దాకా నల్లటి వేర్లలా నాళాలు నిండాయి, ఆయన తెర చూడలేదు, 'కాలు వెచ్చగా అయిందేంది సార్' అన్నారు. ఆయనకి స్పర్శే తక్కువ, అయినా ఆ వెచ్చదనం తెలిసింది. స్టెంట్లు మోకాలి కింద మామూలుగా పెట్టం, కీలు దగ్గర వంగి విరిగిపోతాయి. తొడలో అవసరమైతే పెడతాం, లేదా మందు పూసిన బెలూన్ వాడతాం. ఆ మందు బెలూన్ల వల్ల మరణాలు ఎక్కువని 2018 చివర్లో పెద్ద దుమారం లేచింది, 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొత్తం లెక్కలు చూసి అలాంటి ఆధారం లేదని తేల్చింది.

అసలు ఈ వైద్యం పుట్టిందే మీ నాన్నగారి లాంటి కాలి కోసం. 1964 జనవరి 16న అమెరికాలో పోర్ట్‌ల్యాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు, వేళ్లు కుళ్లి కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ల ముసలావిడకి తొడ నాళం లోపలినుంచే వెడల్పు చేశాడు. ఆమె చనిపోయేదాకా తన రెండు కాళ్ల మీదే నడిచింది.

మళ్లీ మూసుకుపోతుందా? పోతుంది, అబద్ధం చెప్పను. మోకాలి కింద మామూలు బెలూన్ వేసిన నాళాల్లో సగానికి పైగా ఏడాది లోపే మళ్లీ సన్నబడతాయి. కానీ ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది, పుండు మానడానికి కావాల్సిన రక్తం వేరు, మానిన చర్మం బతకడానికి కావాల్సిన రక్తం వేరు. నాలుగైదు నెలలు నాళం తెరిచి ఉంటే ఆలోపు పుండు మానిపోతుంది, తర్వాత సన్నబడినా చాలామందికి కాలు నిలబడుతుంది. పైరు గింజ పోసుకునేటప్పుడు నీళ్లు అందితే చాలని రైతుకి నేను చెప్పక్కర్లేదు. మళ్లీ పుండు పడితే మళ్లీ బెలూన్ వేయొచ్చు. డబ్బు దండగ అన్నవాళ్లు కృత్రిమ కాలు ఖరీదు, దాన్ని మార్చే ఖర్చు, మనిషి మంచం పడితే పొలం ఎవరు చూస్తారన్నది లెక్కేయలేదు.

బైపాస్ గురించి ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. కాలి లోపలివైపు సిర తీసి అడ్డు ఉన్నచోటు దాటించి పాదం నాళానికి కుట్టేయడం. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్ఐ ట్రయల్‌లో 1,830 మందిని చూశారు, మంచి సిర ఉన్నవాళ్లలో చావు, పెద్ద కోత, పెద్ద ఆపరేషన్ మళ్లీ చేయాల్సి రావడం, ఇవన్నీ కలిపి బైపాస్ వాళ్లలో 42.6 శాతం, బెలూన్, స్టెంట్ వాళ్లలో 57.4 శాతం. బైపాస్ గెలిచిందనుకుంటుండగానే 2023లో బాసిల్-2 వచ్చింది, 345 మంది, మోకాలి కింద నాళాలకి చేయాల్సి వచ్చినవాళ్లు. అందులో కాలు పోవడమో ప్రాణం పోవడమో జరిగింది బైపాస్ వాళ్లలో 63 శాతం, బెలూన్ వాళ్లలో 53 శాతం. రెండూ మంచి ట్రయల్సే, రెండూ ఒకే మాట చెప్పవు. బెలూన్ వేసేవాణ్ని కాబట్టి నా మాటలో కాస్త పక్షపాతం ఉంటుంది, అది తీసేసి వినండి. మనిషి గట్టిగా ఉండి, గుండె బాగుండి, సిర మంచి లావుగా ఉండి, తొడ నుంచి కింద దాకా పొడుగ్గా మూసుకుపోతే బైపాస్ చేసే వాస్క్యులర్ సర్జన్‌ని తప్పకుండా కలవాలి. మోకాలి కిందే ఉండి గుండె, కిడ్నీ అంతంతమాత్రంగా ఉంటే ముందు బెలూన్. మీ నాన్నగారికి ముందు గుండెకి ఒక ఎకో స్కాన్ తీయించండి, ఏ దారైనా అది కావాలి.

ఇక కోత. మోకాలి కింద తీసేస్తే ఒక్కసారితో పోతుంది అనే మాటలో ఒక మెలిక ఉంది, ఆ కోత మానాలన్నా అక్కడికి రక్తం రావాలి గదా. రాకపోతే మోకాలి పైన తీయాల్సి వస్తుంది. రక్తం తెరిచాక వేలు ఎక్కడిదాకా చచ్చిందో గీత గీసినట్టు తేలుతుంది, అప్పుడు ఆ వేలొక్కటే తీస్తే చాలు. ముందు రక్తం, తర్వాత కత్తి, చీము ఉంటే తప్ప. అన్ని కాళ్లూ నిలబడవు, అదీ చెప్పాలి, మడమ దాకా కుళ్లిపోయి, పాదంలో పట్టుకోవడానికి ఒక్క నాళం కూడా మిగలనివాళ్లకి కాలు తీయడమే సరైన వైద్యం, దాన్ని ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. మీ నాన్నగారు ఆ కోవలో ఉన్నారో లేదో బొమ్మ చూస్తేనే తెలుస్తుంది.

మందుల్లో ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, దాంతో పాటు గట్టి మోతాదులో స్టాటిన్ జీవితాంతం. కొలెస్ట్రాల్ నార్మల్ ఉంది గదా అని మందుల షాపు అబ్బాయి మాట విని స్టాటిన్ ఆపకండి. బెలూన్ వేశాక కొందరికి రక్తం గడ్డకట్టనివ్వని రివరోక్సాబాన్ 2.5 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఆస్పిరిన్‌తో కలిపి ఇస్తారు, 2020లో వచ్చిన వాయేజర్ ట్రయల్ తర్వాత మొదలైన పద్ధతి. రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి అందరికీ కాదు. సిలోస్టజాల్ అనే మందు రాస్తే గుండె వైఫల్యం ఉందా లేదా అడగాలి, ఉంటే వాడకూడదు. చుట్ట మాత్రం ఈ రోజే ఆపాలి. పొగాకు మీద బతికే ఇంట్లో ఈ మాట చెప్పడం నాకూ ఇబ్బందే, పండించి అమ్ముకోమనండి, తాగొద్దనండి.

ఎక్కడికి వెళ్లాలని అడిగారు. పేర్లు రాయను, కానీ ఒంగోలు, నెల్లూరు, చెన్నైలో కాథ్‌ల్యాబ్‌లు ఉన్నాయి. గుండె యాంజియోగ్రామ్ చేసేచోటల్లా మోకాలి కింద నాళాలు చేయరు, అందుకే వెళ్లేముందు ఫోన్ చేసి 'మోకాలి కింద, పాదం దాకా బెలూన్ వేస్తారా, పాదం దగ్గర నుంచి కూడా సూది వేస్తారా' అని సూటిగా అడగండి. తడబడితే ఇంకోచోటు చూసుకోండి. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దాంట్లో ఈ ప్రొసీజర్ ఆ ఆసుపత్రిలో వస్తుందో లేదో చేరకముందే అక్కడ ఆ పథకం చూసేవాళ్ల దగ్గర కనుక్కోండి, చేరాక అడిగితే ఒక్కోసారి చిక్కు. వెంట తీసుకెళ్లాల్సింది రిపోర్టు కాగితమే కాదు, డాప్లర్ బొమ్మలు, ఎక్స్‌రే, మందుల చీటీలన్నీ, క్రియాటినిన్ పాతవి కూడా. పాత అంకెలు ఉంటే ఇప్పటి 1.7 ఎప్పటినుంచో ఉందా, కొత్తగా పెరిగిందా తెలుస్తుంది.

వెళ్లేదాకా రోజూ ఉదయం ఒకే చోట, కిటికీ వెలుతురులో పాదం ఫోటో తీయండి, నలుపు ఎక్కడ ఆగిందో అక్కడ బాల్‌పెన్‌తో చిన్న గీత పెట్టండి. రెండో పాదం వేళ్ల మధ్య కూడా చూడండి, అది ఎవరూ చూడరు. గీత దాటి నలుపు పైకి వచ్చినా, వేలి మొదట్లో తడి, కంపు మొదలైనా, షుగర్ కారణం లేకుండా 300 దాటి పోతున్నా ఆ రాత్రే బయల్దేరండి, తెల్లారేదాకా ఆగొద్దు.